కనుమ నుండి ఏరువాక దాకా

ఉద్దేశం: గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పల్లెలలో జరిగే ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీల స్వరూపాన్ని, వాటికి వ్యవసాయంతో ఉన్న సంబంధాన్ని, వాటి చుట్టూ ముసిరిన వివాదాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రతి నేలకూ ఒక ఆట ఉంటుంది. ఆ ఆటకు ఒక ఋతువు ఉంటుంది. కెనడా దేశంలో చెరువులు గడ్డకట్టే శీతకాలం ఐస్ హాకీ అనే క్రీడను పెంచి పోషించింది. 1886లో అక్కడ ఔత్సాహిక హాకీ సంఘం ఏర్పడింది. 1893లో స్టాన్లీ కప్పును మొట్టమొదట గెలుచుకున్న మాంట్రియల్ జట్టు ఔత్సాహికుల జట్టే. వారు జీతానికి ఆడలేదు. తమ ఊరి పేరు నిలబెట్టడానికి ఆడారు. మంచు ఎరుగని గుంటూరు, ప్రకాశం మైదానాలలో కూడా అటువంటి ఔత్సాహిక క్రీడ ఒకటి ఉన్నది. పైరు ఇంటికి చేరే వేళ అది మొదలవుతుంది. తొలకరి చినుకు పడే వేళ ముగుస్తుంది. అదే ఎడ్ల బండలాగుడు పోటీ.

ఈ క్రీడలో కథానాయకుడు ఒంగోలు గిత్త. తెల్లని మేను, ఎత్తైన మూపురం, మడతలు మడతలుగా వేలాడే గంగడోలు, కాటుక దిద్దినట్లున్న కండ్లు, పొట్టి కొమ్ములు, నిదానమైన నడక దీని లక్షణాలు. పెరిగిన గిత్త అరటన్ను వరకు బరువు తూగుతుంది. గుండ్లకమ్మ, పాలేరు, మూసీ నదుల నడుమనున్న నేల ఈ జాతికి పుట్టినిల్లు. ఈ ప్రాంతపు నల్లరేగడి ఎండితే రాయిలా బిగుస్తుంది; తడిస్తే బంకలా పట్టుకుంటుంది. అటువంటి భూమిని లోతుగా దున్నాలంటే బరువైన, బలమైన పశువు కావాలి. అందువల్ల రైతు తరతరాలుగా బలమైన గిత్తను ఎంచి, దాని సంతతిని నిలుపుకుంటూ వచ్చాడు. ఒంగోలు జాతి బలం ప్రకృతి ఇచ్చిన వరమే కాదు, రైతు చేసిన ఎంపిక కూడా.

ఈ జాతి కీర్తి ఏనాడో సముద్రాలు దాటింది. పందొమ్మిదవ శతాబ్దంలోనే ఈ పశువులు బ్రెజిల్ చేరాయి. ఆనాడు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో భాగం. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు గానీ అది నెల్లూరు నుండి విడిపోలేదు. అందుచేత బ్రెజిల్ వాసులు ఈ జాతిని నేటికీ 'నెలోర్' అనే పిలుస్తారు. 1960ల తొలినాళ్ళలో బ్రెజిల్ వెళ్ళిన ఒక ఆంబోతు ఒంగోలు సమీపంలోని కరవది గ్రామం పేరుతోనే అక్కడ ప్రసిద్ధి కెక్కింది. ఇండొనేసియాలోని సుంబా ద్వీపంలోనూ ఒంగోలు సంతతి వర్ధిల్లింది. 2002లో హైదరాబాదులో జాతీయ క్రీడలు జరిగినప్పుడు నిర్వాహకులు ఒంగోలు గిత్తనే క్రీడల చిహ్నంగా ఎంచుకుని 'వీర' అని పేరు పెట్టారు.

బండలాగుడు పోటీల కాలం ప్రధానంగా సంక్రాంతితో మొదలవుతుంది. సంక్రాంతి మూడవ నాడు కనుమ. అది పశువుల పండుగ. ఆనాడు ఎడ్లకు పని చెప్పరు. వాటిని కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి పూజిస్తారు. అప్పటినుండి ఊరూరా తిరునాళ్ళు వరుసకడతాయి. మహాశివరాత్రికి నరసరావుపేట సమీపంలోని కోటప్పకొండకు ఎత్తైన ప్రభలు తరలివెళ్తాయి. ఆ తరువాత ఉగాది, శ్రీరామనవమి, గ్రామదేవతల కొలుపులు వస్తాయి. పత్తి తీతలు ముగిసి, మిరప కల్లాలలో ఎర్రగా ఎండి గుంటూరు మార్కెట్టు యార్డుకు తరలే రోజులవి. రైతు చేతిలో నాలుగు రూకలు ఆడతాయి. కొంత తీరికా చిక్కుతుంది. ఆ తీరికలోనే ఈ క్రీడ పూస్తుంది. జ్యేష్ఠమాసంలో ఏరువాక పున్నమి రాగానే చూపు మళ్ళీ దుక్కి వైపు మరలుతుంది.

పోటీ నియమాలు చూడడానికి సులభమైనవే. గ్రామ శివారులో నేలను చదునుచేసి పొడవైన బరిని తీర్చిదిద్దుతారు. రెండు చివరలా గీతలు గీస్తారు. చెక్కిన పెద్ద రాతిబండకు గొలుసు తగిలించి, ఎడ్ల జతను కాడికి కడతారు. నిర్ణీత సమయంలో ఏ జత బండను ఎక్కువ దూరం లాగితే ఆ జత గెలిచినట్లు. ఒక చివర గీతను చేరగానే జతను వెనుకకు తిప్పి మళ్ళీ లాగించాలి. ఆ మలుపులో పోయిన క్షణాలు తిరిగి రావు. అందువల్ల బలంతోపాటు తోలేవారి నేర్పుకూ, ఎడ్ల మాలిమికీ ఇక్కడ విలువ ఉంటుంది. సమయం ముగియగానే ఈల మోగుతుంది. బండ ఆగిన చోటు నుండి దూరాన్ని అడుగులలో, అంగుళాలలో కొలుస్తారు. రెండు జతల మధ్య గెలుపోటములు అంగుళాల తేడాతో తేలిన సందర్భాలు రచ్చబండల మీద ఏండ్ల తరబడి చర్చకు వస్తుంటాయి.

అన్ని జతలనూ ఒకే గాట కట్టడం న్యాయం కాదు గదా! అందుకే పోటీలను వయసునుబట్టి విభజిస్తారు. పశువు వయసుకు జన్మపత్రిక దాని నోరే. పశువులకు పై దవడలో ముందుపళ్ళు ఉండవు. కింది దవడలోని ఎనిమిది పాలపళ్ళు ఊడి, జతజతలుగా శాశ్వతమైన పళ్ళు వస్తాయి. సుమారు రెండు, రెండున్నర ఏండ్లకు మొదటి జత వస్తుంది. నాలుగున్నర, ఐదేండ్లు వచ్చేసరికి ఎనిమిది పళ్ళూ పూర్తవుతాయి. దీనిని అనుసరించి పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం అని పోటీలు ఏర్పడ్డాయి. ఆపైన జూనియర్లు, సీనియర్లు అనే విభాగాలు ఉంటాయి. విభాగం పెరిగిన కొద్దీ బండ బరువూ పెరుగుతుంది. పోటీకి ముందు అనుభవజ్ఞులు ప్రతి పశువు నోరు తెరిచి పళ్ళు లెక్కపెడతారు. ఆ లెక్క ముందు యజమాని హోదా, పలుకుబడి పనిచేయవు. తరువాత చీటీలు తీసి ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది నిర్ణయిస్తారు.

బరిలో జత నిలిచేది కొద్ది నిమిషాలే. దాని వెనుక సంవత్సరాల పోషణ ఉంటుంది. ఉలవలు ఉడకబెట్టి పెడతారు. పత్తిగింజలు నానబెట్టి రుబ్బి పెడతారు. జొన్నచొప్ప, పచ్చిగడ్డి, తవుడు వేళ తప్పకుండా అందిస్తారు. ఉదయం నడిపిస్తారు; చెరువులో ఈదిస్తారు; తేలికైన బండలతో లాగుడు అలవాటు చేస్తారు. జతలోని రెండు గిత్తలకూ అడుగు కలవాలి. ఒకటి ముందుకు దూకి, మరొకటి వెనుకబడితే ఎంత బలమున్నా బండ వంకరపోతుంది. 'జత కుదరడం' అన్నమాట తెలుగు వాడుకలో దాంపత్యానికి, స్నేహానికి వర్తించినట్లే కాడికీ వర్తిస్తుంది.

గెలిచిన జతకు బహుమతి దక్కుతుంది. ఆ సొమ్మును సాధారణంగా గ్రామస్థులు తమ పెద్దల జ్ఞాపకార్థం ఇస్తారు. మొదటి బహుమతి మొదలుకొని ఐదారు స్థానాల వరకు బహుమతులు ఉండడం పరిపాటి. అయినా ఏడాది పొడుగునా పెట్టే మేత ఖర్చుకు, కూలికి, రవాణాకు ఆ సొమ్ము చాలదు. ఒక ఊరి నుండి మరొక ఊరికి జతను వాహనంలో తరలించాలి. వెంట మనుషులు వెళ్ళాలి. లెక్కలు వేసుకునేవారికి ఇది నష్టాల బేరమే. అయినా రైతులు ఈ వ్యసనాన్ని వదులుకోరు. గెలిచిన జత ఊరిలోకి వచ్చేటప్పుడు మేళతాళాలతో ఎదురేగే జనమే వారికి జీతం. ఆ ఊరేగింపులో యజమాని పేరు వెనుకకు పోయి, ఊరి పేరు ముందుకు వస్తుంది.

అయితే ఈ సందడి వెనుక ఒక దిగులు దాగి ఉన్నది. 1955లో నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీరు విడుదలైంది. కుడికాలువ కింద గుంటూరు, ప్రకాశం ప్రాంతాల సేద్యం రూపు మారింది. ట్రాక్టరు వచ్చింది. పది రోజుల దుక్కిని ఒక్క పూటలో ముగించే యంత్రం ముందు కాడెద్దు నిలువలేకపోయింది. మరొక మార్పు అంతగా కంటికి కనబడనిది. పూర్వం విస్తారంగా పండిన జొన్న మనిషికి గింజను, పశువుకు చొప్పను ఇచ్చేది. జొన్నచేల స్థానంలో పత్తి, మిరప వచ్చాయి. పత్తికట్టె, మిరపకట్టె పొయ్యిలోకి పనికివస్తాయి గానీ గాటిలోకి పనికిరావు. రైతు ఆదాయం పెరిగింది. గాటిలో మేత తరిగింది. పాలకోసం గేదెలు, సంకరజాతి ఆవులు వచ్చాయి. పని పోయి, మేత తగ్గి, పాలలో పోటీకి నిలువలేక ఒంగోలు జాతి తన పుట్టినింట్లోనే పలుచబడసాగింది.

ఈ స్థితిలో గుంటూరు సమీపంలోని లాం పశుపరిశోధన స్థానం వంటి సంస్థలు మేలుజాతి పశువులను కాపాడుతూ వస్తున్నాయి. రైతుల వాకిళ్ళలో మాత్రం గిత్త మిగలడానికి బండలాగుడు ఒక ముఖ్యమైన కారణమని పోటీల అభిమానుల వాదన. పొలంలో పనిలేని గిత్తను ఎవరూ ఊరకే మేపరు. బరి ఉన్నది గనుకనే మంచి కోడెదూడకు ధర పలుకుతున్నది. ధర పలుకుతున్నది గనుకనే తల్లి ఆవుకు ఆదరణ దక్కుతున్నది అని వారంటారు.

దీనికి ఎదురువాదం కూడా బలమైనదే. మూగజీవి తనంతట తాను పోటీకి రాదు. బండ కదలనప్పుడు చర్నాకోల లేస్తుంది. ముల్లుకర్ర పొడుస్తుంది. ఎండవేడికి పశువు రొప్పుతుంది. నోట నురుగు కారుతుంది. 'ఎద్దు పుండు కాకికి ముద్దు' అన్న సామెత చూసేవారి సరదాకు, మోసేవాని బాధకు మధ్యనున్న దూరాన్నే చెబుతుంది. పశువుల పట్ల క్రూరత్వాన్ని నివారించే చట్టం 1960లోనే వచ్చింది. 2011లో కేంద్రప్రభుత్వం ప్రదర్శనలకు వాడరాని జంతువుల జాబితాలో ఎద్దును చేర్చింది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండి పందేలను నిషేధిస్తూ, జంతువులకూ గౌరవంగా బ్రతికే హక్కు ఉన్నదని స్పష్టం చేసింది. ఆపైన తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలు తమ చట్టాలను సవరించుకున్నాయి. 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సవరణలు చెల్లుతాయని తీర్పు చెప్పింది. ఈ తీర్పులు ప్రధానంగా ఇతర క్రీడలను గురించినవే. అయినా అవి లేవనెత్తిన ప్రశ్న బండలాగుడు బరిలోనూ నిలిచే ఉన్నది.

ఆ ప్రశ్నకు సమాధానం బరిలోనే వెదకవలసి ఉన్నది. కొట్టకుండా, పొడవకుండా లాగిన జతనే విజేతగా గుర్తించవచ్చు. బండ బరువుకు హద్దు విధించవచ్చు. పశువైద్యుడు పరీక్షించిన తరువాతనే బరిలోకి అనుమతించవచ్చు. ఎండ ముదిరిన వేళ పోటీని సాయంత్రానికి మార్చవచ్చు. ఇటువంటి నియమాలను కాగితం మీద వ్రాయడం తేలిక. వేలమంది కేకలు వేస్తుండగా, ఒక్క అంగుళంలో గెలుపు జారిపోతుండగా, పైకెత్తిన చర్నాకోలను దించడం కష్టం. ఆ చేతిని దించగలిగిన రైతే ఈ క్రీడను నిలబెట్టగలడు.

ఏరువాక నాటికి బరి మీద గడ్డి మొలుస్తుంది. బండ ఊరి చివర ఒక మూలకు చేరుతుంది. పిల్లలు దానిమీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. గాటి దగ్గర ఆ ఏడు పుట్టిన కోడెదూడ తల్లి పొదుగులో మూతి దూర్చి పాలు తాగుతుంటుంది. దాని నోటిలో ఇంకా పాలపళ్ళే. అది రెండు పళ్ళు వేసే నాటికి ఆ ఇంట దానిని మేపే చేయి, ఆ చేతిలో దయ, రెండూ మిగిలి ఉంటేనే ఒంగోలు జాతికి మరొక ఋతువు ఉంటుంది.

ప్రశ్నలు

1. ఒంగోలు జాతి పశువులను బ్రెజిల్ దేశంలో 'నెలోర్' అని పిలవడానికి కారణమేమి?
2. బండలాగుడు పోటీలలో విభాగాలను ఏ ప్రాతిపదికన నిర్ణయిస్తారు? వివరింపుము.
3. పంటల మార్పు పశుపోషణను ఎట్లు ప్రభావితం చేసినది?
4. బండలాగుడు పోటీలను సమర్థించేవారి వాదమును, వ్యతిరేకించేవారి వాదమును తెలిపి, మీ అభిప్రాయమును వ్రాయుము.