నాయనా బిడ్డల పందెం



ఎండాకాలం సెలవులు వస్తే మన సంఘ కుటుంబాల్లో కొందరు బెంగళూరులో పనికి పోయిన బంధువుల ఇళ్లకు వెళ్లి నాలుగు రోజులు ఉండి వస్తారు. అలా వెళ్లిన పిల్లలను ఆకర్షిస్తున్న ఆట ఒకటుంది. దాని పేరు గో-కార్ట్ పందెం. తండ్రి ఒక బండిలో, బిడ్డ ఇంకో బండిలో కూర్చొని, ఒకే బాటలో ఎవరు ముందు అని పోటీ పడతారు. ఆరోగ్య పత్రికలో కారు పందెం సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. తండ్రీ బిడ్డలు కలిసి ఆడుకోవడం ఇద్దరి మనసుకూ మంచిది. ఆ ఆటలో పెద్దవాళ్లు చూపే జాగ్రత్తే రేపు రోడ్డు మీద బిడ్డ ప్రాణం కాపాడుతుంది. అందుకే ఈ నెల ఈ విషయం తీసుకున్నాము.

ఏమిటీ బండి?

గో-కార్ట్ అంటే పైకప్పు, తలుపులు లేని చిన్న బండి. నాలుగు చిన్న చక్రాలు, ఒక స్టీరింగు, కాళ్ల దగ్గర బ్రేకు, యాక్సిలరేటరు, వెనుక చిన్న ఇంజను ఉంటాయి. కూర్చునే సీటు నేలకు జానెడు ఎత్తు కూడా ఉండదు. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన గడ్డి కోసే యంత్రపు ఇంజను బిగించి మొదటి గో-కార్ట్ తయారు చేశాడు. మన ఊళ్లలో పిల్లలు చెక్కకు పాత బేరింగులు బిగించి వాలు మీద తోసుకుంటూ ఆడుకునే బండికి ఇది ఇంజనున్న అన్న అనుకోండి.

బిడ్డ నిజంగానే గెలవగలడు

ఈ ఆటలో ఒక విశేషం ఉంది. కుస్తీలోనో పరుగులోనో తండ్రి కావాలని ఓడిపోతే తప్ప చిన్న బిడ్డ గెలవలేడు. గో-కార్ట్‌లో అలా కాదు. ఇంజను చిన్నది కాబట్టి బరువు తక్కువ ఉన్నవారి బండి త్వరగా వేగం అందుకుంటుంది. 75 కిలోల తండ్రికన్నా 40 కిలోల బిడ్డకు అక్కడ లాభం. అందుకే పెద్ద పోటీల్లో తేలికగా ఉన్నవారి బండికి అదనపు బరువు కట్టి సమానం చేస్తారు. వేడుకగా ఆడే చోట ఆ కట్టుబాటు లేకపోతే, మలుపులో బ్రేకు ఎప్పుడు వేయాలో తెలిసిన బిడ్డ తండ్రిని నిజంగానే దాటిపోగలడు.

ఆ క్షణంలో తండ్రి ముఖం ఎలా ఉంటుందో బిడ్డ చూస్తాడు. ఓడిన తండ్రి నవ్వి, భుజం తట్టి, "ఆ మలుపులో ఎట్లా దాటినావు, నాకూ చెప్పు నాయనా" అంటే, ఓటమి అవమానం కాదని బిడ్డకు తెలుస్తుంది. అట్లా కాక తండ్రి చిరాకు పడినా, బిడ్డ ఓడినప్పుడు ఎగతాళి చేసినా, ఆట కూడా మార్కుల పోటీలాగే బరువవుతుంది. పదో తరగతి ఫలితాలు వచ్చే రోజుల్లో ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేక కుమిలిపోయే పిల్లలుంటారు. "ఓడిపోయినా నాయన దగ్గరికి పోవచ్చు" అనే ధైర్యం ఆ రోజు ఉండాలంటే అది ఇలాంటి చిన్న ఆటల్లోనే నాటుకోవాలి. పిల్లలకు కోపం రేపి వారి మనసు కుంగదీయవద్దని అపొస్తలుడైన పౌలు తండ్రులను హెచ్చరించింది ఇందుకే కదా.

తండ్రులను దాటిన కొడుకులు

జర్మనీలోని కెర్పెన్‌లో రోల్ఫ్ షూమాకర్ అనే తాపీ మేస్త్రీ ఉండేవాడు. తన నాలుగేళ్ల కొడుకు మైకేల్ తొక్కుడు బండికి చిన్న ఇంజను బిగించాడు. బాలుడు దాన్ని తీసుకుపోయి దీపస్తంభానికి గుద్దాడు. తల్లిదండ్రులు అంతటితో బండి దాచేయలేదు. వీధిలో వద్దని చెప్పి, గో-కార్ట్‌లు నడిపే సరైన మైదానానికి తీసుకుపోయారు. ఆ బాలుడే పెద్దయ్యాక ఏడుసార్లు ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయ్యాడు.

మన దేశం నుంచి ఇంతవరకు ఫార్ములా వన్ పందేల్లో పోటీ చేసినవారు ఇద్దరే. ఒకరు 2005లో అడుగుపెట్టిన నారాయణ్ కార్తికేయన్, మరొకరు 2010లో అడుగుపెట్టిన కరుణ్ చందోక్. ఇద్దరూ మన పొరుగున ఉన్న తమిళనాడు వారే. ఇద్దరి తండ్రులూ కారు పందేల్లో పాల్గొన్నవారే. తాము చేరని చోటికి బిడ్డలు చేరితే చిన్నబుచ్చుకోని తండ్రులు వారు.

పందెం మానుకున్న 14 మంది

2005 జూన్ 19న అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో జరిగిన పందెం సంగతి మీ పిల్లలకు తప్పక చెప్పండి. రెండు రోజుల ముందు సాధనలో టైరు పాడై మైకేల్ తమ్ముడు రాల్ఫ్ కారు గోడను గుద్దుకుంది. ఆ బాటలో తమ టైర్లు క్షేమం కాదని టైర్ల కంపెనీ చెప్పింది. దాంతో ఆ టైర్లున్న 14 కార్లు పందెం మొదలు కాకముందే పక్కకు తప్పుకున్నాయి. మిగిలిన ఆరు కార్లే పరుగెత్తాయి. మైకేల్ గెలిచాడు. నారాయణ్ నాలుగో స్థానంలో నిలిచి, ఫార్ములా వన్‌లో పాయింట్లు సాధించిన తొలి భారతీయుడయ్యాడు. కానీ పక్కకు తప్పుకున్నవారు పిరికివారు కారు. ప్రాణం కన్నా పందెం గొప్పది కాదని లోకానికి చూపినవారు.

జుట్టు, చున్నీ, హెల్మెట్

2020 అక్టోబరులో హైదరాబాదు శివారులో ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని జుట్టు గో-కార్ట్ చక్రంలో చిక్కుకొని, తలకు గాయమై మరణించింది. సరదాగా వెళ్లిన ఆటలో ఒక కుటుంబం బిడ్డను పోగొట్టుకుంది. మన దగ్గర బైకు వెనుక కూర్చున్న ఆడవాళ్ల చీర కొంగు, చున్నీ చక్రంలో పడి జరిగే ప్రమాదమూ ఇలాంటిదే.

"ఈ ఎండకు హెల్మెట్ ఉక్కపోస్తుంది" అని మన అనంతపురం ప్రాంతంలో చాలామంది అంటారు. బైకు ప్రమాదాల్లో హెల్మెట్ తలగాయాల ముప్పును దాదాపు 69 శాతం, మరణాల ముప్పును 42 శాతం తగ్గిస్తుందని పరిశోధనలు తేల్చాయి. షూమాకర్ 2013 డిసెంబరు 29న తన కొడుకుతో కలిసి మంచు మీద జారే ఆట ఆడుతూ బండకు తల కొట్టుకున్నాడు. హెల్మెట్ లేకపోతే ఆస్పత్రి దాకా కూడా వచ్చేవాడు కాదని అక్కడి వైద్యులు చెప్పారు. ఆటలో ఎంత నేర్పు ఉన్నా తల మాత్రం ఒక్కటే.

మన ఊళ్లో ఏం చేద్దాం?

కరువు సీమలో అందరికీ బెంగళూరు పోయి డబ్బు పెట్టి ఆడే స్తోమత ఉండదు. అవసరం కూడా లేదు. బడి మైదానంలో సైకిలు మీద నాలుగు చుట్లు, చేతిలో ఒక గడియారం చాలు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వలస పనికి పోయి పండుగకు ఇల్లు చేరిన తండ్రికి బిడ్డతో గడపడానికి ఇంతకన్నా మంచి గంట దొరకదు. తల్లులూ దిగవచ్చు, కూతుళ్లనూ పిలవండి.

అయితే పందెం రోడ్డు మీద వద్దు. 18 ఏళ్లు నిండని బిడ్డకు బైకు తాళాలు ఇవ్వవద్దు. 2019లో సవరించిన చట్టం ప్రకారం మైనరు నేరం చేస్తే బండి ఇచ్చిన పెద్దవారికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు.

గుర్తుంచుకోండి

• బండి ఎక్కేముందు జుట్టు గట్టిగా ముడివేసి హెల్మెట్ లోపలికి దోపాలి. చున్నీ, కొంగు, వదులు బట్టలు వద్దు. బూట్లు వేసుకోవాలి.
• హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించాలి. పట్టీ వేయని హెల్మెట్ పడగానే ఊడిపోతుంది.
• ఎత్తు, వయసు చాలని బిడ్డను "ఒక్కసారికేలే" అని కూర్చోబెట్టవద్దు. ఒడిలో కూర్చోబెట్టుకొని నడపవద్దు.
• ఎండ ముదరకముందే ఆడండి. నీళ్లు తాగిస్తూ ఉండండి.
• తలకు దెబ్బ తగిలాక వాంతులు, నిద్రమత్తు, పెరిగే తలనొప్పి, మాట తడబాటు, ఫిట్స్, చెవి ముక్కుల నుంచి రక్తం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.
• మెడ నొప్పి అంటే లేపి కూర్చోబెట్టవద్దు. కదల్చకుండా ఉంచి 108కి ఫోను చేయండి.

పందెంలో ఎవరు ముందు వచ్చారో నాలుగు రోజులకు మరచిపోతారు. నాయన తనతో సమానంగా ఆడాడని, తాను గెలిస్తే సంతోషించాడని బిడ్డ బ్రతుకంతా గుర్తుంచుకుంటాడు. మీ ఇళ్లలో అలాంటి పందేలు జరగాలనీ, ఆడిన ప్రతిసారీ అందరూ క్షేమంగా ఇల్లు చేరాలనీ మా ప్రార్థన.