ఆయుష్ ఉచిత హోమియో మందులు: కడుపు బాధకు, చర్మం దురదకు ఇంట్లో ఎలా వాడుకోవాలి, ఎప్పుడు ఆసుపత్రికి పోవాలి

తిరుపతి, చిత్తూరు జిల్లాల లబ్ధిదారుల కోసం

ఈ పత్రం ఎవరికి?

ప్రభుత్వ ఆయుష్ డిస్పెన్సరీలో హోమియో మందు తెచ్చుకునేవాళ్ళకు, తెచ్చుకోవాలనుకునేవాళ్ళకు. ముఖ్యంగా ఇంట్లో చిన్నపిల్లలు, ముసలివాళ్ళు ఉండే కుటుంబాలకు. నిదానంగా చదవండి. చదవడం రానివాళ్ళకు ఇంట్లో ఎవరైనా చదివి వినిపించండి.

1. పథకం కింద ఏం దొరుకుతుంది?

కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే జాతీయ ఆయుష్ మిషన్ 2014లో మొదలైంది. ఆయుర్వేదం, యోగా, యునాని, సిద్ధ, హోమియో వైద్యాలు దీని కిందకు వస్తాయి. ప్రభుత్వ హోమియో డిస్పెన్సరీలో డాక్టరు చూడటం ఉచితం, అక్కడ ఇచ్చే మందూ ఉచితం. మీకు దగ్గరలో హోమియో డాక్టరు ఎక్కడున్నారో మీ ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త చెబుతారు. 104కు ఫోన్ చేసి కూడా అడగొచ్చు.

పోయేటప్పుడు ఆధార్ కార్డు, ఫోను, పాత మందుల చీటీలు తీసుకుపోండి. బీపీ, షుగర్, ఫిట్స్, టీబీ మందులు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

2. హోమియో మందు అంటే ఏమిటి?

జర్మనీ డాక్టర్ హానిమన్ 1796లో ఈ పద్ధతిని ముందుకు తెచ్చాడు. మందు పదార్థాన్ని నీళ్ళలోనో ఆల్కహాల్‌లోనో మళ్ళీ మళ్ళీ పలచన చేసి, ఆ చుక్కలను చక్కెర గుళికలకు పట్టిస్తారు. సీసా మీద 30 అని ఉంటే, ఒక వంతు మందుకు తొంభై తొమ్మిది వంతుల ద్రవం చొప్పున ముప్పై సార్లు పలచన చేశారని అర్థం. అంత పలచన అయ్యాక అసలు పదార్థం మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. 2020లో కరోనా సమయంలో చాలా చోట్ల పంచిన ఆర్సెనికం ఆల్బం 30 గుళికలు ఈ రకమే.

హోమియో డాక్టర్లు అజీర్తికి నక్స్ వామికా, నూనె పదార్థాలు తిని కడుపు చెడితే పల్సటిల్లా, దురదకు సల్ఫర్, పొడిబారి పగిలిన చర్మానికి గ్రాఫైటిస్ లాంటివి రాస్తుంటారు. ఇవి తెలుసుకోవడానికి చెప్పిన పేర్లు మాత్రమే. పేరు చూసి మెడికల్ షాపులో సొంతంగా కొనుక్కోవద్దు. డాక్టరు మనిషిని చూసి రాస్తారు. పక్కింటివాళ్ళకు రాసిన సీసా మనకు పనికిరాదు.

3. ఈ మందు మీద ఎంతవరకు ఆధారపడొచ్చు?

దీన్ని దాచకుండా చెప్పాల. ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ చూసి, హోమియో ఫలానా జబ్బును నయం చేస్తుందని చెప్పడానికి నమ్మదగిన ఆధారం దొరకలేదని 2015లో ప్రకటించింది. పసిపిల్లల విరేచనాలకు, టీబీకి, మలేరియాకు హోమియో మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2009లోనే హెచ్చరించారు.

మరి ‘నాకు తగ్గింది కదా’ అంటారు చాలామంది. నిజమే. కొంచెం అజీర్తి, ఒకపూట కడుపుబ్బరం, చిన్న దద్దురు లాంటివి రెండు మూడు రోజుల్లో వాటంతట అవే తగ్గేవి. అలాంటప్పుడు గుళికలు వేసుకున్నా పెద్దగా నష్టం లేదు. ఆగకూడని జబ్బుకు గుళికలు వేసుకుని ఇంట్లో కూర్చుంటేనే ప్రమాదం. ఆ తేడా ఎట్లా పట్టుకోవాలో కింద చూడండి.

4. బేదులు, వాంతులు: మొదట ఓఆర్‌ఎస్

ఎండాకాలం, మామిడికాయల సీజను, జాతరల్లో బయటి తిండి, వానలకు కలుషితమైన తాగునీళ్ళు: మన జిల్లాల్లో బేదులు ఎక్కువయ్యే రోజులివి. బేదులతో ప్రాణం పోయేది ఎక్కువగా ఒంట్లో నీళ్ళూ ఉప్పూ అయిపోవడం వల్లే. పోయినదాన్ని తిరిగి పట్టించేది ఓఆర్‌ఎస్. చక్కెరా ఉప్పూ సరైన పాళ్ళలో కలిస్తే, బేదులవుతున్నా పేగు నీళ్ళను పీల్చుకుంటుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ దీన్ని వాడి, వందకు ముప్పై మంది చనిపోతున్న చోట ఆ లెక్కను నలుగురి కంటే తక్కువకు తెచ్చారు.

ఎట్లా కలపాలి: పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి 1 లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలపండి. చిన్న ప్యాకెట్లు కూడా వస్తాయి, కాబట్టి ఎన్ని నీళ్ళో ప్యాకెట్ మీద చూసుకోండి. సగం ప్యాకెట్ దాచుకోవద్దు. పాలల్లో, కూల్‌డ్రింక్‌లో కలపొద్దు. కలిపింది 24 గంటల్లో వాడి, మిగిలితే పారబోయండి.

ఎంత తాపాలి: బేది అయిన ప్రతిసారీ 2 ఏళ్ళ లోపు బిడ్డకు పావు కప్పు నుంచి అర కప్పు, అంతకంటే పెద్ద పిల్లలకు అర కప్పు నుంచి ఒక కప్పు. వాంతి చేసుకుంటే 10 నిమిషాలు ఆగి, స్పూనుతో కొంచెం కొంచెంగా మళ్ళీ తాపండి.

ప్యాకెట్ లేకపోతే: 1 లీటరు మంచి నీళ్ళకు 6 టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూను ఉప్పు. స్పూను గుమ్మడిగా కాకుండా సమంగా ఉండాల. ఉప్పు ఎక్కువైతే చేటు. ఓఆర్‌ఎస్ ఇస్తూనే గంజి, పలచని మజ్జిగ, రాగి జావ ఇవ్వొచ్చు. తల్లిపాలు ఆపనే ఆపొద్దు.

అట్టపెట్టె డ్రింకులతో జాగ్రత్త: ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని అమ్మిన తీపి పానీయాలు మందు కాదు. వాటిలో చక్కెర ఎక్కువ కాబట్టి బేదులు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, అలాంటి డ్రింకుల మీద ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. ఆశా కార్యకర్త దగ్గర దొరికే ప్యాకెట్టే వాడండి.

జింక్ మాత్రలు: 6 నెలల నుంచి 5 ఏళ్ళ పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, 2 నుంచి 6 నెలల బిడ్డకు అందులో సగం. స్పూను నీళ్ళలోనో తల్లిపాలలోనో కరిగించి ఇవ్వాలి. బేదులు ఆగిపోయినా 14 రోజులు పూర్తి చేయాలి. ఇదీ ఉచితమే.

హోమియో డాక్టరు గుళికలు ఇచ్చి ఉంటే ఓఆర్‌ఎస్‌తో పాటు వేసుకోవచ్చు. ఓఆర్‌ఎస్‌కు బదులు మాత్రం వేయకూడదు.

5. ఇవి కనిపిస్తే ఆగొద్దు, 108కు ఫోన్ చేయండి

• బిడ్డ మగతగా పడుండటం, పాలు గానీ నీళ్ళు గానీ తాగలేకపోవడం
• కళ్ళు లోపలికి పోవడం, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే నిదానంగా వెనక్కి పోవడం
• 6 గంటలకు పైగా ఉచ్చ పోయకపోవడం
• బేదిలో రక్తం, ఏది తాగినా వాంతి, బాగా జ్వరం
• పెద్దవాళ్ళకు ఛాతీలో బరువు, నొప్పి ఎడమ చెయ్యికో దవడకో పాకడం, చెమటలు. ‘గ్యాస్ పట్టేసింది’ అనుకుని ఇంట్లో ఉండిపోవద్దు. అది గుండెపోటు కావొచ్చు.

దగ్గరున్న పీహెచ్‌సీకి గానీ, తిరుపతిలో రుయాకు గానీ, చిత్తూరులో జిల్లా ఆసుపత్రికి గానీ వెంటనే పోవాల. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు వెంట పెట్టుకోండి. కార్డు కనపడలేదని మాత్రం ఇంట్లో ఆగొద్దు.

6. చర్మం దురద: ఏది ఏమిటి?

గజ్జి: రాత్రిపూట దురద ఎక్కువ, వేళ్ళ సందుల్లో, నడుము దగ్గర చిన్న పొక్కులు, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి రావడం. ఇది చర్మంలో దూరే సన్న పురుగు వల్ల వస్తుంది. డాక్టరు ఇచ్చే పూత మందు ఇంట్లో అందరూ, దురద లేనివాళ్ళు కూడా, ఒకే రాత్రి రాసుకోవాలి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఒక్కరే వాడితే మళ్ళీ వస్తుంది.

తామర: గుండ్రంగా, అంచు ఎర్రగా ఉండే మచ్చ. మెడికల్ షాపులో ‘మంచి ట్యూబు’ అని ఇచ్చే వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. నాలుగు రోజులు దురద తగ్గినట్టుంటుంది, తర్వాత తామర ఒళ్ళంతా పాకుతుంది. డాక్టరు చీటీ లేకుండా ట్యూబు కొనొద్దు.

స్పర్శ లేని మచ్చ: చర్మం రంగు కంటే తెల్లగానో ఎర్రగానో ఉండి, దురద లేకుండా, తాకితే తెలియని మచ్చ. ఇది కుష్టు కావొచ్చు. భయపడొద్దు, దాచిపెట్టొద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో మందు ఉచితం. రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో వాడితే నయమవుతుంది. ఆలస్యం చేస్తేనే చేతులు, కాళ్ళు దెబ్బతింటాయి. గుళికలు వేసుకుంటూ నెలలు గడిపితే పోయిన స్పర్శ, వంకరపోయిన వేలు తిరిగి బాగుపడకపోవచ్చు.

చలికాలంలో చర్మం పొడిబారితే స్నానం కాగానే, ఒళ్ళు తడిగా ఉన్నప్పుడే కొబ్బరినూనె రాసుకుంటే చాలామందికి చాలు. దురదతో పాటు పెదాలు, మొహం వాచి ఊపిరి ఆడకపోతే అది అలర్జీ, వెంటనే 108.

7. గుళికలు ఇంట్లో పెట్టుకునే పద్ధతి

• డాక్టరు చెప్పినన్ని, చెప్పినన్ని రోజులే వాడండి.
• సీసా మీద పేరు, గడువు తేదీ ఉండాలి. చీటీ ఊడిపోయిన సీసా పారేయండి.
• పిల్లలకు అందకుండా పెట్టండి. చుక్కల మందులో ఆల్కహాల్ ఉంటుంది.
• గుళికల్లో చక్కెర ఉంటుంది కాబట్టి షుగర్ ఉన్నవాళ్ళు డాక్టరుకు చెప్పాలి.
• గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా ఏ మందూ వేసుకోవద్దు.
• బీపీ, షుగర్, టీబీ, ఫిట్స్ మాత్రలు ఆపొద్దు. ‘ఇది వేసుకుంటే అవి అక్కర్లేదు’ అని ఎవరు చెప్పినా నమ్మొద్దు.
• 2 రోజుల్లో బేదులు, వారంలో దురద తగ్గకపోతే పీహెచ్‌సీలో చూపించుకోండి.

8. తరచూ అడిగే ప్రశ్నలు

‘పిల్లోడికి బేదులవుతా ఉండాయి, గుళికలు ఇంట్లోనే ఉండాయి. ఏది ముందు?’
ఓఆర్‌ఎస్ ముందు. తర్వాత జింక్. ఆ తర్వాతే మిగతావి.

‘హోమియో వాడేటప్పుడు ఇంగ్లీషు మందు వేసుకోకూడదంట, నిజమా?’
కాదు. అవసరమైన మందు ఏదీ ఆపకూడదు. రెండు చోట్లా డాక్టర్లకు రెండు చీటీలూ చూపించండి.

‘డిస్పెన్సరీలో డబ్బు అడిగితే?’
ఇవ్వాల్సిన పని లేదు. మీ సచివాలయంలో చెప్పండి.

ఈరోజే చేయండి: రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఆశా అక్క దగ్గర తీసుకుని వంటింట్లో అందరికీ కనిపించే చోట పెట్టుకోండి. 104, 108 నంబర్లు తలుపు మీద రాసి పెట్టుకోండి. ఈ పత్రాన్ని మీ పొదుపు సంఘం గ్రూపులో పంపండి.