హోమియో మాత్ర వేసుకుని ఎన్నాళ్లు ఆగొచ్చు?

రాయ్‌పూర్‌లో వానలు మొదలయ్యాయంటే ఇంటింటా తుమ్ములు, ఒళ్లు నొప్పులు. హోమియో అలవాటున్న తెలుగు ఇళ్లలో ముందు వెతికేది అల్మరాలోని చిన్న సీసానే. మూతలోకి నాలుగు తెల్ల మాత్రలు ఒంపుకుని, చెయ్యి తగలకుండా నాలుక మీద వేసుకుంటారు. చీటీ అక్కర్లేదు, చేదుండదు, పిల్లలు మారాం చెయ్యరు.

సీసా మీద ‘ఆర్సెనికం ఆల్బమ్ 30’ అని ఉందనుకోండి. 2020 జనవరిలో కరోనా రాకుండా వేసుకోమని ఆయుష్ శాఖ చెప్పిన మందు అదే. ఒక పాలు మందును 99 పాళ్ల ద్రవంలో కలిపి బాగా కుదుపుతారు. అందులోంచి ఒక పాలు తీసి మళ్లీ 99 పాళ్లలో. ఇలా 30 సార్లు. పన్నెండు దాటేసరికే అసలు పదార్థం ఒక్క అణువైనా మిగలడం కష్టం. ఆ ద్రవంతోనే పంచదార మాత్రలు తడుపుతారు. కుదుపుల వల్ల గుణం నిలుస్తుందని హోమియో వైద్యుల నమ్మకం, రసాయనశాస్త్రం ఒప్పుకోదు. బాతు గుండె, కాలేయాలతో చేసే ‘ఆసిలోకాక్సినం’ ఫ్లూకు హోమియో మందుగా ఫ్రాన్స్‌లో పేరుమోసింది. దాని మీద జరిగిన పరిశోధనలను, వైద్య రుజువులను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష 2015లో జల్లెడ పట్టింది. ఫ్లూను ఆపుతుందనడానికీ, తగ్గిస్తుందనడానికీ తగిన రుజువు దొరకలేదు.

‘మాకు తగ్గిందిగా’ అంటారు. మామూలు ఫ్లూ వారంలో దానంతటదే తగ్గుతుంది. పేరు మాత్రకు దక్కుతుంది.

నా భయమల్లా ఆ మాత్రను నమ్ముకుని గడిపేసే రోజుల గురించే. మలేరియా, డెంగీ కూడా మొదట ఫ్లూలాగే కనిపిస్తాయి. మలేరియా ఎక్కువగా ఉండే బస్తర్ వైపు వెళ్లొచ్చినవాళ్లు జ్వరం రాగానే రక్తపరీక్ష చేయించుకోవాలి. ఫాల్సిపారం మలేరియా ముదిరితే మెదడుకు ఎక్కుతుంది. డెంగీలో జ్వరం దిగే సమయమే గండం. ఫ్లూకిచ్చే ఒసెల్టామివిర్ సైతం 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది.

ద్రవరూపంలో ఉండే హోమియో మందుల సంగతి వేరు. 2021 మేలో బిలాస్‌పూర్ దగ్గర ‘డ్రోసెరా 30’ తాగి పలువురు చనిపోయారు. అందులో 91 శాతం ఆల్కహాల్ ఉందని అధికారులు చెప్పారు. లాక్‌డౌన్‌లో మద్యానికి బదులుగా తాగారంటారు. ఏమైనా, ఆ సీసాలు పిల్లలకు అందనివ్వకండి.

జ్వరం మూడు రోజులు దాటినా, ఆయాసం, మత్తు, విడవని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, షుగర్ ఉన్నవాళ్లయితే మొదటి రోజే డాక్టరుకు చూపించండి.