బీరువాలో 75 ఏళ్ళు

చండ్రుగొండ అడవి అంచున పక్కపక్కనే పోడు చేసుకునే కోయ కుటుంబాన్నీ, మాల కుటుంబాన్నీ 2006 అటవీ హక్కుల చట్టం ఒకే కొలతతో చూడదు. ఇద్దరూ 2005 డిసెంబర్ 13కు ముందునుంచే సాగులో ఉండాలి. దళితుడికి మాత్రం ఇంకొకటి అదనం: మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, అడవిలో ఉండి అడవి మీదే బతికినట్టు రుజువు కావాలి.

లెక్కేస్తే 1930. అప్పుడిక్కడ నైజాం రాజ్యం. పట్వారీ రాసిన కాయితాలేవైనా ఉంటే అవి సర్కారు బీరువాలోనే. మన తాతలది వేలిముద్ర. దాచుకున్నవాడే చూపించమంటే ఎట్లా?

అందుకే 2005 సమాచార హక్కు చట్టాన్ని మేం భూమి చట్టంగానే చూస్తున్నాం. 1923 నాటి అధికార రహస్యాల చట్టం దీనికి అడ్డురాదని 22వ సెక్షన్ చెప్తుంది. 20 ఏళ్ళు దాటిన సంగతులకైతే 8(3) కింద చాలా మినహాయింపులు చెల్లవు. ఎందుకు అడుగుతున్నామో చెప్పనక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

"రికార్డు లేదు, పో" అని నోటితో అంటే తిరిగి రావద్దు, ఆ లేదన్నదీ కాయితం మీద రాయించుకోవాలి. అటవీ హక్కుల నియమాల్లో 13వది, హక్కు కోరేవాళ్ళు కాని ఊరి పెద్దల మాటను రాసుకుని సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. సర్కారే లేదని రాసిచ్చాక, వాడలో ముసలమ్మ చెప్పేదాన్ని తోసెయ్యడం అంత తేలిక కాదు.