మీ వీధికి ఎన్ని మార్కులు?

ఊళ్లో ఎన్ని వీధిదీపాలున్నాయో, ఎన్ని కుళాయి కనెక్షన్లున్నాయో మున్సిపల్ ఆఫీసులో అడిగితే చెబుతారు. పన్ను ఎంత వసూలైందో పైసలతో సహా లెక్క ఉంటుంది. మరి, ఒంటరిగా ఉండే పెద్దాయన తలుపు రెండ్రోజులుగా తెరుచుకోకపోతే వెళ్లి తట్టేవాళ్లు ఎంతమంది? ఆ లెక్క మాత్రం ఏ రిజిస్టర్లోనూ కనిపించదు. కానీ ఒక్కోసారి ప్రాణాలు నిలబెట్టేది అదే.

అమెరికాలోని షికాగో నగరానికి ఆ సంగతి 1995 జులైలో తెలిసొచ్చింది.

ఎండ ఒక్కటే... కానీ!

ఆ నెల 13న అక్కడ ఉష్ణోగ్రత 41 డిగ్రీలు. ‘ఓస్, అంతేనా! మా రెంటచింతలకు వచ్చి చూడమనండి’ అనిపిస్తుంది మనకు. కానీ ఆ ఎండకు ఉక్కపోత తోడైంది. రాత్రిళ్లూ చల్లబడలేదు. ఆ కొద్ది రోజుల్లోనే మామూలుకన్నా 739 మంది ఎక్కువగా చనిపోయారు. వాళ్లలో చాలామంది ఒంటరిగా ఉంటున్న వృద్ధులు.

ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ మరణాలపై పరిశోధన చేసి 2002లో ‘హీట్ వేవ్’ అనే పుస్తకం రాశారు. నార్త్ లాన్‌డేల్, సౌత్ లాన్‌డేల్... పక్కపక్కనే ఉన్న రెండు పేటలు. రెండు చోట్లా పేదలున్నారు, ఒంటరి వృద్ధులూ ఉన్నారు. అయినా మొదటి పేటలో లక్షమందికి 40 మంది చొప్పున చనిపోతే, రెండోదాంట్లో ఆ సంఖ్య నాలుగు లోపే!

ఎందుకంత తేడా? మొదటి పేటలో దుకాణాలు మూతపడ్డాయి, ఇళ్లు ఖాళీ అయ్యాయి. దొంగల భయంతో ముసలివాళ్లు తలుపులు బిగించుకుని లోపలే ఉండిపోయారు. రెండో పేటలో వీధులు కళకళలాడుతున్నాయి. అడుగు బయటపెడితే కొట్లు, చర్చి, పలకరించే మనుషులు. వాళ్లను కాపాడింది ఆ సందడే.

కొలిచేదెలా?

పలకరింపుల్ని లెక్కపెట్టడం సాధ్యమేనా? శాస్త్రవేత్తలు కొన్ని పద్ధతులు కనిపెట్టారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 1978లో తయారుచేసిన ఒంటరితనం ప్రశ్నావళిలో 20 ప్రశ్నలుండేవి. 2004లో దాన్ని మూడింటికి కుదించారు. తోడు లేదనిపిస్తోందా, అందరూ పక్కన పెట్టేశారనిపిస్తోందా, వేరుపడిపోయినట్టుందా? ‘దాదాపు లేదు’ అంటే ఒకటి, ‘అప్పుడప్పుడూ’ అంటే రెండు, ‘తరచూ’ అంటే మూడు మార్కులు. మొత్తం తొమ్మిదికి ఎంత దగ్గరైతే ఒంటరితనం అంత ఎక్కువన్నమాట.

ఇంకోటి పర్సు పరీక్ష. పోయిన పర్సు అపరిచితుడికి దొరికితే తిరిగొస్తుందా అని కెనడాలోని టొరంటో వాసుల్ని అడిగారు. వచ్చే అవకాశం పాతిక శాతం కూడా లేదన్నది వాళ్ల సగటు అంచనా. తీరా ఓ పత్రిక 20 పర్సుల్ని నగరంలో జారవిడిస్తే 16 తిరిగొచ్చాయి! అంటే మనం అనుకునేదానికన్నా మనుషులు మంచివాళ్లే. ఆ నమ్మకం లేకే పక్కింటి తలుపు తట్టడానికి వెనకాడతాం.

మన దగ్గరా...

మన దేశంలో 2021లో విడుదలైన నగరాల జీవన సౌలభ్య సూచీలో 111 నగరాలకు ర్యాంకులిచ్చారు. అందులో 30 శాతం మార్కులు పౌరుల అభిప్రాయాలకే. మంచి ప్రయత్నమే. కాకపోతే ఊరంతటికీ కలిపి ఒకే మార్కు ఇస్తే ఏ పేటలో ఎవరు ఒంటరిగా ఉన్నారో తెలియదు. షికాగో మొత్తానికి సగటు తీస్తే ఆ రెండు పేటల తేడా కూడా కనిపించేది కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తోంది. ఏటా 8.7 లక్షల మరణాలకు దానితో సంబంధముంది. పిల్లలు ఉద్యోగాలకు దూరమెళ్లి, అమ్మానాన్నలే మిగిలిన ఇళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదుగా!

సర్వే వాళ్లు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఊరెళ్లేటప్పుడు తాళంచెవి ఇచ్చి వెళ్లగలిగే ఇళ్లు మీ వీధిలో ఎన్ని? మీకు తాళంచెవి ఇచ్చి వెళ్లేవాళ్లు ఎందరు? లెక్కపెట్టి చూడండి. మీ వీధికి ఎన్ని మార్కులో మీకే తెలుస్తుంది.