రాజీ లేని రాజీనామా

బరంపురం: ఉద్యోగం వదిలేస్తే మనం 'రాజీనామా' అంటాం. పక్కింటి ఒడియావాళ్లు 'ఇస్తఫా' అంటారు. ఆఫీసుకెళ్తే ఇద్దరిదీ ఒకటే మాట... 'రిజైన్'!

మూడూ ఒకటే అనుకుంటాం గానీ పుట్టుక వేరు. ఇస్తఫా అరబ్బీ నుంచి వచ్చింది. 'మన్నించి వదిలిపెట్టండి' అని కోరడం దాని మూలార్థం. రాజీనామా పారశీకం మాట. అసలు అర్థం ఒప్పుదల పత్రం. హిందీలో ఇప్పటికీ తగాదా తీరాక రాసుకునే కాగితం రాజీనామాయే. మనం మాత్రం రాజీ కుదరక బయటికొచ్చినా అదే మాట వాడేస్తున్నాం.

ఇంగ్లిషు రిజైన్‌కూ రెండు ముఖాలున్నాయి. పదవి నుంచి తప్పుకోవడం ఒకటి. 'రిజైన్ వన్‌సెల్ఫ్ టు' అంటే మాత్రం, ఇక చేసేదేం లేదని సరిపెట్టుకోవడం.

సరిపెట్టుకోని గిరి

ఈ తేడా తెలియాలంటే బరంపురం బిడ్డ వి.వి.గిరిని తలచుకోవాలి. 1894 ఆగస్టు 10న ఆయన ఇక్కడే పుట్టారు. అప్పట్లో గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది.

1954లో ఆయన నెహ్రూ మంత్రివర్గంలో కార్మికశాఖ మంత్రి. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై లేబర్ అప్పిలేట్ ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పును కేంద్రం వాళ్లకు నష్టం కలిగేలా మార్చింది. రైల్వే కార్మికుల మధ్య పనిచేసి వచ్చిన గిరికి అది మింగుడుపడలేదు. సరిపెట్టుకుని కుర్చీలో కూర్చోవచ్చు. కూర్చోలేదు. ఆగస్టులో రాజీనామా ఇచ్చేశారు. తర్వాత కేంద్రం కమిషన్ వేసింది. జస్టిస్ గజేంద్రగడ్కర్ సిఫార్సులతో 1955లో చట్టం వచ్చింది.

గెలవడానికి వదిలారు

1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ కన్నుమూశారు. ఉపరాష్ట్రపతిగా ఉన్న గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జులై 20న అదీ వదిలేశారు. ఈసారి అలిగి కాదు, స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేయడానికి! కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి కూడా అంతకుముందు రోజే లోక్‌సభ స్పీకర్ పదవి వదులుకున్నారు. ఇద్దరూ తెలుగువాళ్లే. రెండో ప్రాధాన్య ఓట్ల దాకా సాగిన లెక్కింపులో గిరి గెలిచి, ఆగస్టు 24న ప్రమాణం చేశారు.

గీతతో జాగ్రత్త

'ఫలానాయన రిజైన్ ఇచ్చాడట' అని మనవాళ్లు అంటుంటారు. ఇంగ్లిషులో చేసేది రిజైన్, ఇచ్చేది రెజిగ్నేషన్. మధ్యలో చిన్న గీత పెట్టి 'రీ-సైన్' అని రాస్తే మళ్లీ సంతకం పెట్టడమని అర్థం. పోదామనుకున్నవాడు పొరపాటున ఆ గీత గీశాడో... ఇంకో కాంట్రాక్టుకు ఒప్పుకున్నట్టే!