నూనె మరకను సూక్ష్మజీవులు ఎలా తింటాయి?

మల్లాపూర్ పారిశ్రామికవాడలో వాన వెలిశాక, గుంటల్లో రంగురంగుల పొర తేలడం చూశారా? అది బండ్ల నుంచి కారిన ఆయిల్. అదే పొర సముద్రతీరాన్ని కప్పేస్తే?

2017 జనవరి 28న చెన్నై దగ్గర, ఎన్నూరు రేవు బయట రెండు ఓడలు ఢీకొన్నాయి. చిక్కటి నల్లనూనె ఒడ్డున రాళ్లకు అట్టకట్టింది. జనం బకెట్లతో తోడి పోశారు. ఎంత తోడినా రాళ్ల సందుల్లో జిడ్డు మిగులుతుంది కదా!

దాన్ని తినే బ్యాక్టీరియా ఉంది. నూనెలో ఎక్కువగా ఉండేవి కార్బన్, హైడ్రోజన్. బ్యాక్టీరియా ఆక్సిజన్ సాయంతో వాటిని విడగొట్టి, కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా మార్చేస్తుంది. అయితే దాని ఒంటికి నత్రజని, భాస్వరం కూడా కావాలి, అవి నూనెలో దాదాపు ఉండవు. అందుకే 1989లో అలాస్కా తీరం నూనెపాలైనప్పుడు శాస్త్రవేత్తలు రాళ్లపై ఆ రెండూ ఉన్న ఎరువు చల్లించారు! తారులాంటి బరువైన భాగం మాత్రం బ్యాక్టీరియాకు ఓ పట్టాన అరగదు. కనుక ముందు మనుషులే దాన్ని ఎత్తాలి.

ఇంట్లో బండి ఆయిల్ మారిస్తే, పాతది కాలువలో పోయనివ్వకండి.